సిద్ధరాములు మామ, ఆయన చేప

జోడ్‌భావి పేట్ సిద్ధరాములు మామ ఒకసారి నడిరోడ్డు మీద పాడెను ఆపించి, పాడె మీదున్న ఎల్లయ్యకు చేప సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఎల్లయ్య శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగాడు.

సరే, ఎల్లయ్య ప్రశ్నలు అడగలేదు. అది నడిరోడ్డు కూడా కాదు, ఎల్లయ్య ఇంటి గుమ్మం. మామ చెప్పింది ఎల్లయ్యకు కాదు, పక్కనున్న వాళ్ళకు. కానీ పాడె ఆగిన మాట నిజం, చేప మాట నిజం. మోసినవాళ్ళలో ఒకడి కుడి భుజం ఈనాటికీ పైకి లేవదన్న మాట సగం నిజం.

సిద్ధరాములు మామకు బీడీ అలవాటు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఈ చేపే. మనిషి పుట్టి బుద్ధెరిగి సముద్రం చూసినవాడు కాదు. ఆయనది మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళ పేట. నల్లా ఎప్పుడొస్తుందా అని బిందెలు వరుసకట్టి కూర్చునే గల్లీలో ఆయన చూసిన అతి పెద్ద జలాశయం నీళ్ళ ట్యాంకరు. పోనీ చేప తింటాడా అంటే, వాసనకే ముక్కు మూసుకుంటాడు. పని చేసేది చద్దర్ల కార్ఖానాలో, జకార్డు మగ్గాలకు అట్టలు కొట్టే పని. చద్దరు మీద నెమలి రావాలంటే ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో ముందు అట్టల మీద రంధ్రాలు కొట్టి చెప్పాలి. ఒక్క రంధ్రం తప్పిందా, నెమలికి మెడ ఉండదు. నలభై ఏళ్ళలో మామ నెమలికి మెడ తప్పలేదు. అంతటి లెక్క గల మనిషి చేప దగ్గరకొచ్చేసరికి ఎందుకిలా అయిపోతాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

అందరికంటే ఎక్కువ తలవంపులు కోడలు పూనంకు. మామ కొడుకు వినాయక్‌ను చేసుకుని ఆ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. ఆ సంగతి పూనంకు తెలుసు, వినాయక్‌కు తెలుసు. కానీ వాళ్ళు మరిచిపోతారేమోనన్న దిగులు కొద్దీ గల్లీ వారానికి రెండుసార్లు గుర్తు చేసేది. ఆ పనికి ఎదురింటి బాలమణి పెద్ద దిక్కు. పగలంతా ఒళ్ళో చేట పెట్టుకుని ఇద్దరూ ఎదురెదురు గడపల మీద బీడీలు చుట్టేవారు. బాలమణి చేతులు వెయ్యి బీడీలు చుట్టేలోపు నోరు వెయ్యిన్నొక్క ప్రశ్న వేసేది.

"ఏమే పూనం, ఏమన్న విశేషమా?"

అంతే. లోపల, రాత్రి పాళీ చేసొచ్చి పడుకున్న మనిషి మంచం కిర్రుమనేది. బనియను మీదే మామ గడపలోకి వచ్చి నిలబడేవాడు.

"బాలమణీ, నీకు సీలకాంత్ ఎరుకేనా?"

"ఎవలన్నా వాడు? ఏ పేట్‌ల ఉంటడు?"

"సముద్రంల ఉంటది. చేప."

"అయ్యో దేవుడా, నేను అడిగింది చేప సంగతి గాదన్నా."

"గందుకే చెప్తున్న. ఆఫ్రికా పక్కకు చిన్న చిన్న దీవులున్నయి. ఆడ రెండు మూడొందల గజాల లోతుల ఉంటది. పగలంత గుహల్ల దాసుకుంటది. ఇది ఆరున్నర కోట్ల ఏండ్ల కిందనే నాశనమైందని చదువుకున్నోళ్ళంత రాసుకున్నరు. ఒకనాడు వలల పడ్డది. మంచిగ, తోక ఊపుకుంట!"

"పడనీయన్నా. నాకు బీడీలు ఉన్నయి."

"చుట్టుకో, చుట్టుకో. చెవులకేం పని? మగచేప ఈడుకు రావాలంటే నలభై దాటాలె. ఆడచేపకు దగ్గర దగ్గర అరవై. అరవై! అటెనుక కడుపొస్తే అయిదేండ్లు మోస్తది."

బాలమణికి ఎంత వద్దనుకున్నా ఇక్కడ నోరు ఆగేది కాదు. "అయిదేండ్లు? నడుములు పోవా?"

"దానికి ఎన్నుపూసనే లేదు. నూనె నింపిన గొట్టం ఒకటి ఉంటది, అంతే."

అరగంటకు బాలమణి చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. మామ తలుపుకు కూడా కాసేపు చెప్పి, తృప్తిగా వెళ్ళి పడుకునేవాడు.

ఇదంతా ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే చొక్కా జేబు తట్టుకునేవాడు. "శేంగా చట్నీ కట్టిచ్చిన కాయితంల ఉన్నది. సాక్ష్యం నా దగ్గరనే ఉన్నది." ఆ పల్లీల పొడి కాగితాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. నూనె పట్టి రెండు వైపులా ఒకేసారి కనిపిస్తుందనీ, ఒక వైపు చేప, రెండో వైపు పాత మగ్గాల అమ్మకం ప్రకటన ఉన్నాయనీ, ఆ రెండూ కలిపి చదవడం తన ఒక్కడికే చేతనవుతుందనీ చెప్పేవాడు.

"మీ నాయినకు జర చెప్పరాదు?" అని పూనం ఒకరోజు మొగుడి దగ్గర మొత్తుకుంది. "నాకు పిల్లల్లేకపోయె. నా ముందట్నే అరవై ఏండ్లకు ఈడుకొచ్చే చేప ముచ్చటనా? గల్లీ అంత నవ్వుతున్నది."

"చెప్తే ఇంకో అరగంట ఎక్కువ చెప్తడే," అన్నాడు వినాయక్. నాయిన మొండితనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు కదా.

బస్సు సంగతి గల్లీలో అందరికీ కంఠస్థమే. మామ కూతురు రూపాలి కాపురం కుంభారిలో, కార్మికుల కొత్త కాలనీలో. ఒక ఆదివారం మామ, అత్త పార్వతీబాయి, పూనం సిటీ బస్సెక్కారు. బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు పూనం దగ్గరకొచ్చి, "హాఫ్ తికీట్ కితీ?" అన్నాడు. పిల్లల టికెట్లు ఎన్ని కొట్టమంటావని. పూనం నోరు తెరిచేలోపే వెనక సీటులోంచి మామ లేచాడు.

"కండక్టర్ సాహెబ్! ఖోల్ సముద్రాత్ ఏక్ మాసా ఆహే!"

లోతు సముద్రంలో ఒక చేప ఉందని మరాఠీలో విన్న కండక్టరు, ఈ ముసలాయన చేపకు టికెట్ అడుగుతున్నాడనుకున్నాడు. ఆ తర్వాత సగం బస్సు మరాఠీలో, సగం బస్సు తెలుగులో, డ్రైవరు అద్దంలో విన్నారు. కుంభారి వచ్చింది, పోయింది. బస్సు కర్ణాటక సరిహద్దు దాటాక గానీ ఎవరూ కళ్ళు తెరవలేదని అంటారు. అంత దూరం పోలేదు. రెండు స్టాపులు పోయింది. ఎర్రటి ఎండలో పదిహేను మంది వెనక్కి నడిచారు. పార్వతీబాయి దారి పొడుగునా మొగుణ్ణి తిట్టింది. పూనం కొంగు నెత్తిన కప్పుకుని, తనెవరో ఈయనెవరో అన్నట్టు పది అడుగులు వెనక నడిచింది.

ఇక ఎల్లయ్య పోయిన రోజు. ఎల్లయ్య బతికున్నప్పుడు ఆయనకు ఒక చద్దరు చాలేది కాదు, రెండు కలిపి కుట్టించుకునేవాడు. అంత మనిషిని నలుగురు భుజాలకెత్తారు. ముందు కుడి భుజం మన మామది. గుమ్మంలో ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. పొరుగూరి నుంచి వచ్చిన ఎల్లయ్య చెల్లెలు, పక్కనున్న పూనం మెడ పట్టుకుని ఏడుస్తోంది. "ఓ అన్నా... నన్ను ఇడిసి పోతివా అన్నా... నువ్వు ఎవల కోడలివి బిడ్డా?... ఓ అన్నా... నీకెంతమంది పిల్లలు బిడ్డా?..."

"ఆగుండ్రి!" అన్నాడు మామ.

పాడె ఆగింది. మామ భుజం మీద ఎల్లయ్య భారంతోనే వెనక్కి తిరిగాడు. ఆయన తిరిగితే మిగతా ముగ్గురూ తిరగాలి కదా. ఎల్లయ్యతో సహా అందరూ ఆడవాళ్ళ వైపు తిరిగారు.

"ఏడుస్తె ఏడువు చెల్లే, వద్దన. గని సముద్రంల ఒక చేప ఉన్నది. నూరేండ్లు బతుకుతది..."

ఆ తర్వాత పార్వతీబాయి ఇంట్లో శివమెత్తింది. "పీనుగ ముందట గూడ చేపనేనా? సిగ్గున్నదా నీకు?"

"ఎల్లయ్యకేం తొందరున్నదే? ఏ బస్సు అందుకోవాలె వాడు?"

ఒక్క విచిత్రం మాత్రం ఉండేది. గల్లీ పిల్లలు ముచ్చటపడి, "తాతా, తాతా, చేప కథ చెప్పవా?" అని చుట్టూ మూగితే మామ చెయ్యి విదిలించేవాడు. "నాకు పనున్నది, పోండ్రి." ఎందుకు చెప్పలేదో ఎవరూ ఆలోచించలేదు. పిచ్చివాడి తిక్కకు లెక్కేముంటుంది!

ఇలా ఉండగా రూపాలికి ఏడో నెల వచ్చింది. పుట్టింట్లో ఒడి నింపాలి. బియ్యం, కొబ్బరికాయ, ఖర్జూరం, రవిక గుడ్డ ఒళ్ళో పోసి పదిమంది ఆడవాళ్ళు దీవించాలి. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం మొదటి పిడికెడు అన్న భార్యది.

"వదినా, నువ్వే ముందుగాల పొయ్యాలె, చెప్తున్న," అంది రూపాలి ఫోనులో.

"నాకు వంటింట్ల పనుంటది రూపాలీ. మీ అమ్మ పోస్తది."

తొమ్మిదేళ్ళుగా పూనం కనిపెట్టిన ఉపాయం వంటిల్లు. ఎవరింట్లో బారసాలైనా, ఒడి నింపినా ముందే వెళ్ళి పొయ్యి దగ్గర చేరేది. ఉల్లిపాయలు తరిగేవాళ్ళను కన్నీళ్ళెందుకని ఎవరూ అడగరు. కానీ ఈసారి సొంత ఆడబిడ్డ. ముందుకు వెళ్ళకపోతే రూపాలి చిన్నబోతుంది. వెళితే పదిమందిలో ఎవరో ఒకరు ఆ మాట అననే అంటారు. పూనం నాలుగు రోజులు బీడీల లెక్క తప్పింది.

సరిగ్గా అదే వారం మామ గొంతు పోయింది. కార్ఖానా దూది దుమ్ము పట్టేసింది. మూడు రోజులు పెదవి విప్పొద్దన్నాడు డాక్టరు. గల్లీలో సంతోషంతో పేడా మిఠాయిలు పంచారంటారు. పంచలేదు గానీ, బాలమణి మాత్రం ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని మరీ చూసింది. "నిజంగనే మాట రాదా అన్నా? జర నోరు తెరువు, చూస్త."

ఒడి నింపే రోజు పొద్దున కార్ఖానాలో మగ్గం నడిపే తుషార్ ఒక చద్దరు మూట తెచ్చాడు. మామ అట్టలు కొట్టి, ప్రత్యేకంగా కూతురి కోసం నేయించిన చద్దరట. పూనం విప్పి చూసింది. ఒక వైపు ఎర్ర నేల మీద తెల్లటి ఆకారం, తిప్పితే తెల్ల నేల మీద ఎర్రటి ఆకారం. లావుపాటి ఒళ్ళు, కింద కాళ్ళలాంటి రెక్కలు, కడుపులో అయిదు బుల్లి ఆకారాలు.

"చద్దర్ మీద గూడనా!" అని నుదురు కొట్టుకుంది పూనం. "కార్ఖానాల మీ చెవులెట్ల ఉన్నయి తుషార్? రోజు చేప ముచ్చట వినీ వినీ?"

"ఏ చేప, వహినీ?" అన్నాడు తుషార్. వదినను మరాఠీలో అలాగే పిలుస్తాడు.

"మామ చెప్తడు గదా. సముద్రం చేప."

తుషార్ అయోమయంగా చూశాడు. "సిద్ధరాములు కాకానా? ఆరేండ్లయింది నేను చేరి, కాకా నోటి నుంచి చేప అన్న మాట ఇనలె. మగ్గాల సప్పుడుల మేమంత పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటం. కాకా చెయ్యి లేపేది ఒక్క చాయ్ కోసమే. మేము ఆయన్ని మౌనీబాబా అంటం." చద్దరు వైపు వేలు చూపించాడు. "అయితే గిది చేపనా? మేము గిన్ని రోజులు కాళ్ళొచ్చిన వంకాయ అనుకున్నం."

తుషార్ వెళ్ళిపోయాడు. పూనం చింతపండు పిసుకుతూ కూర్చుంది. పిసుకుతూ పిసుకుతూ ఆగిపోయింది.

బస్సులో కండక్టరు ఏమడిగాడు? హాఫ్ టికెట్లు. ఎవరిని? తనని. ఎల్లయ్య చెల్లెలు ఎవరి మెడ పట్టుకుని ఏమడిగింది? గడప మీద బాలమణి ఎవరిని ఏమడిగితే లోపల మంచం కిర్రుమంటుంది? మరి పిల్లలు వచ్చి చేప కథ చెప్పమంటే, "నాకు పనున్నది." చెప్పుకుంటూ పోతే తొమ్మిదేళ్ళలో ఏ ఒక్క మనిషికీ తను జవాబు చెప్పుకోవలసి రాలేదు. ప్రశ్న పుట్టిన చోటల్లా ఒక చేప వచ్చి నోరు తెరిచి దాన్ని మింగేసి పోయింది.

"పూనం, పులుసు కాగిందా?" అని అత్త కేకేసింది.

"కాగింది అత్తమ్మా," అంది పూనం. పొయ్యి ఇంకా ముట్టించనేలేదు.

మధ్యాహ్నానికి ముందు గది ఆడవాళ్ళతో నిండిపోయింది. పీట మీద రూపాలి ఆకుపచ్చ చీరలో కూర్చుంది. మగవాళ్ళకు లోపలికి రావడానికి లేదు. మామను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మా వదిన ఏది? వదినా!" అని రూపాలి పిలిచింది.

పూనం చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. బాలమణి గొంతు సవరించుకుంది. ఆమెకు పూనం మీద కోపమేమీ లేదు, పాపం. నోటికి కుట్లు లేవు, అంతే. "రూపాలీ, మొదటి పిడికెడు పిల్లల తల్లి చేత పోపిచ్చుకుంటే మంచిది బిడ్డా. పూనం ఎనుక పోస్తదిలే. అవునే పూనం, తొమ్మిదేండ్లాయె, ఏమన్న..."

వాకిట్లో కుర్చీ ధడాలున పడింది. అడ్డొచ్చిన పార్వతీబాయి భుజం మీదుగా మామ తల లోపలికొచ్చింది. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. దాంతో చేతులు లేపాడు. రెండు అరచేతులూ దగ్గరపెట్టి అటూ ఇటూ ఈదించాడు. పొట్ట మీద గుండ్రంగా చెయ్యి తిప్పాడు. అయిదు వేళ్ళు చూపించాడు. పది వేళ్ళూ తెరిచి, మూసి, తెరిచి, మూసి, ఆరుసార్లు ఆడించాడు. ముఖం ఎర్రబడి, గుడ్లప్పగించి, అచ్చం సముద్రం అడుగునుంచి అప్పుడే వలలో పడ్డట్టున్నాడు.

"అన్నకు కడుపుల నొస్తుందో ఏమో," అంది ఒకావిడ.

"కాదు, అయిదు కప్పుల చాయ్ అడుగుతుండు," అంది ఇంకొకావిడ.

"అయిదు గాదు, అరవై!"

ఆ గదిలో ఆ చేతుల భాష ఒక్క పూనంకే అర్థమైంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమెకు తలవంపులనిపించలేదు. మొదటిసారి మామను చూస్తే నవ్వొచ్చింది. చద్దరు తీసింది. అందరికీ కనిపించేలా రెండు చేతులతో విప్పి పట్టుకుంది.

"బాలమణత్తా, నీకు సీలకాంత్ ఎరుకేనా?"

బాలమణి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. "అమ్మో! నీకు గూడ తగిలిందానే?"

"ఆఫ్రికా పక్కకు చిన్న చిన్న దీవులున్నయి..."

గదిలో సగం మంది లేవబోయారు. అప్పుడు జరిగింది అసలు వింత. తొమ్మిదేళ్ళు మొగుణ్ణి తిట్టిపోసిన పార్వతీబాయి మొగుణ్ణి బయటికి నెట్టి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కూసోండ్రి అందరు. చెప్పు బిడ్డా. మొదటి నుంచి చెప్పు. లోతు గజాలల్ల చెప్పు."

పూనం చెప్పింది. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచి చెప్పింది. "ముందుగాల చదువుకున్నోళ్ళు పొలుసుల మీద మోటు గీతలే లెక్కబెట్టిర్రత్తా. ఇది ఇరవై ఏండ్లే బతుకుతది, జల్ది పెరుగుతది అనుకున్నరు. మన కార్ఖానాల పోగులు లెక్కబెట్టినట్టు వెలుతురు పెట్టి చూస్తే, నడుమ నడుమ సన్న గీతలు కానొచ్చినయి. ఒక్కో గీత ఒక్కో ఏడు. అప్పుడు తెలిసింది, దాని లెక్క వేరే అని. ఆడచేప ఈడుకు రావాలంటే అరవై."

బాలమణి వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

"గట్లయితే," అంది మెల్లగా, "నాకు యాభై ఎనిమిది. నేను గూడ ఇంకా ఈడుకు రానట్టే గదనే!"

ముందు రూపాలి నవ్వింది. తర్వాత గది మొత్తం కూలిపోయింది. నవ్వీ నవ్వీ ఒకావిడ మెట్టె ఊడి ఖర్జూరాల్లో పడింది. బాలమణి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కొబ్బరికాయ తీసి పూనం చేతిలో పెట్టింది. "ముందుగాల నువ్వే పొయ్యవే తల్లీ. మేమంత చిన్నపిల్లలం."

పూనం దోసెడు బియ్యం తీసింది. ఇంటి ఆనవాయితీ పిడికెడే. ఆమె దోసెడు పోసింది. ఆ రోజు పులుసు మాడిపోయింది. పొయ్యి దగ్గర ఎవరూ లేరు మరి.

డాక్టరు చెప్పిన మూడు రోజులూ గడిచాక మామకు గొంతు కాస్త వచ్చింది. పూనం చాయ్ తీసుకెళ్ళి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మామా, కార్ఖానాల మీరు చేప ముచ్చట ఎన్నడు చెప్పలేదంట గదా?"

మామ చాయ్ ఊదుకున్నాడు. "ఎవలన్నరు?"

"తుషార్."

"వానికి మగ్గాల సప్పుడుకు చెవులు పోయినయి."

"ఆడ పెదవులు చూసి మాట్లాడుకుంటరట గదా."

"అయితే కండ్లు గూడ పోయినయి."

"బస్సుల ఎందుకు చెప్పిర్రు మరి?"

"ఏ బస్సు? నేను ఎన్నడు బస్సెక్కిన? నాకు కడుపుల తిప్పుతది."

"ఎల్లయ్య పాడె ఆపలేదా?"

"ఎల్లయ్యనే ఆగిండు. బరువు మనిషి."

"సరే, ఆ చట్నీ కాయితం చూపియ్యిండ్రి."

"చీమలు తిన్నయి."

పూనం చద్దరు తెచ్చి ఆయన ఒళ్ళో పరిచింది. తెల్లటి చేప, కాళ్ళలాంటి రెక్కలు, కడుపులో అయిదు పిల్లలు. "మరి ఈ చేప ఎవలిది మామా?"

సిద్ధరాములు మామ చద్దరును ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. అంచు పట్టుకుని, అంగుళానికి ఎన్ని పోగులున్నాయో వేలితో లెక్కపెట్టాడు. ఖాళీ కప్పు కోడలి చేతికిచ్చాడు.

"ఇది వంకాయ," అన్నాడు. "ఏ చేప?"